శనక్కాయ పెరకడానికి మనుషులు చాలడం లేదు: మిషనా, గుత్తా?

వానచేను

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం దగ్గర ఎర్రనేల, 9 ఎకరాల శనక్కాయ. కదిరి-6 రకం, ఏడు సాళ్లకు ఒక కంది సాలు, సాలుకు సాలుకు అడుగు ఎడం. ఈ ఏడు (2025) జూలై 12 నుంచి 14 లోపల విత్తనం పడింది. ఈ పొద్దుకు 75 రోజులు, కాయ ఊరుతోంది. మధ్యలో వాన ఎగ్గొట్టింది కాబట్టి ఎకరాకు ఆరు బస్తాలకు మించి ఆశ లేదు.

ఇబ్బందల్లా పెరికే మనుషులతోనే. ఊర్లో రెండే జట్లు, జట్టుకు పది పన్నెండు మంది ఆడవాళ్లు. సగం మందికి యాభై దాటింది. వయసులో ఉన్నవాళ్లు హిందూపురం, బెంగళూరు గార్మెంట్లకు, మగవాళ్లు కట్టడం పనులకు పోయారు. ఉన్నవాళ్లలో కొందరిని చీనీ (బత్తాయి), దానిమ్మ తోటల వాళ్లు ఏడాది పొడుగునా పెట్టుకున్నారు. ఊరంతా ఒకే పదునులో (వాన తడిలో) విత్తాం, ఊరంతా ఒకే వారంలో పెరకాలి. జట్టు నాకు మూడు రోజులే ఇస్తామంటోంది. మనిషికి 400, ఆటో బాడుగ వేరే.

రెండు దారులు కనబడుతున్నాయి. పక్క మండలంలో ట్రాక్టరుకు కట్టే శనక్కాయ పెరికే మిషన్ ఉంది, గంటకు 1,400 బాడుగ. లేదంటే పత్తికొండ వైపు మేస్త్రీ ఒకాయన 20 మందిని తెస్తానంటున్నాడు. ఎకరాకు 4,000 గుత్త, ముందుగా 30,000 అడ్వాన్సు. కంది నడుమ మిషన్ తిరుగుతుందా? గుత్తకిస్తే కాయ భూమిలో వదిలేస్తారని భయం. ఉపాధి హామీ వల్లే కూలోళ్లు రావడం లేదని ఊర్లో అందరూ అంటున్నారు, అది ఎంతవరకు నిజం? తెలిసినవాళ్లు చెప్పండి.


ఎర్రనేల

అన్నా, ముందు మనిషి రోజుల లెక్క వేసుకోండి. చేత్తో పెరకడానికి ఎకరాకు తొమ్మిది మంది దాకా పడతారు. నేల గట్టిగా ఉంటే పన్నెండు. మీ తొమ్మిదెకరాలకు తక్కువలో తక్కువ 80 మనిషి రోజులు. జట్టు ఇస్తామన్నది మూడు రోజులకు 36. సగానికి పైగా చేను నిలబడిపోతుంది. కదిరి-6 లాంటి గుత్తి రకాల (చెట్టు మొదట్లోనే గుత్తిగా కాసేవి) కాయకు నిద్రావస్థ సరిగ్గా ఉండదు. పక్వానికి వచ్చాక వాన పడితే నాలుగైదు రోజులకే భూమిలో మొలక పుడుతుంది. వాన పడకుంటే ఎర్రనేల బిగుసుకుని ఊడ (కాయను చెట్టుకు కలిపే కాడ) తెగి కాయ లోపలే నిలుస్తుంది. రెండు వైపులా నష్టమే, అందుకే ఈ పంటలో ఆలస్యానికి ఖరీదు ఎక్కువ.

ఇప్పుడు మిషన్ సంగతి. కంది నడుమ తిరుగుతుంది కానీ పూర్తిగా కాదు. 45 హెచ్‌పీ ట్రాక్టరు వెడల్పు 1.8 మీటర్ల లోపు. ఏడు సాళ్ల పట్టీలో కంది నుంచి కందికి 2.4 మీటర్లు. అంటే ట్రాక్టరుకు అటూ ఇటూ అడుగు చొప్పున మిగులుతుంది, సరిగ్గా నడుమ నడిపితేనే. మీటరున్నర బ్లేడు నడుమ ఐదు సాళ్లను ఎత్తుతుంది. కంది పక్కన అటొక సాలు, ఇటొక సాలు మనుషులే పెరకాలి. అంటే ఏడులో రెండు, దాదాపు మూడో వంతు చేను, చేతి పనికే మిగిలింది. బ్లేడు 1.2 మీటర్లదే అయితే నాలుగు సాళ్లే నమ్మకం, చివరి సాలులో కాయలు బ్లేడు అంచుకు తెగుతాయి. బాడుగ మాట్లాడే ముందు టేపు తీసుకుపోయి బ్లేడు కొలవండి.

కాబట్టి ఈ ఏడు మిషన్ పెట్టినా మనుషులు అవసరమే. కంది పక్క సాళ్లకు ఎకరాకు రెండున్నర, లేపిన కట్టె (కాయతో ఉన్న చెట్టు) దులిపి తిరగేసి వరుస పెట్టడానికి మూడు. ఎకరాకు ఐదున్నర చొప్పున 50 రోజులు. చేత్తో అయితే 80, మిషన్‌తో 50. ట్రాక్టరు ఎకరాకు గంట, మలుపులతో గంటంబావు అనుకోండి, బాడుగ 1,400 నుంచి 1,750. మిగిలే 30 మనిషి రోజులకు కూలి 12,000, ట్రాక్టరుకు పోయేది 13,000 నుంచి 16,000. డబ్బు మిగలదు. దినాలు మిగులుతాయి. వాన మబ్బు కమ్మినప్పుడు ఆ దినాలే పంట. అలా చూసుకుని పెట్టండి.

కంది కొమ్మలు వంద రోజులకు పక్కకు పరుచుకుంటాయి. ట్రాక్టరు తోలే ముందు రోజు ఇద్దరు మనుషులతో కొమ్మలను పైకెత్తి వదులుగా కట్టించండి, లేకుంటే పూతకు వచ్చే కొమ్మలే విరుగుతాయి. ఎకరాకు గంట పని.

బ్లేడు లోతు గురించి చెప్పాలి. గుత్తి రకం కాయ రెండు మూడంగుళాల లోపలే ఉంటుంది. బ్లేడు 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతులో, కాయ కిందుగా, తల్లివేరును కోస్తూ పోవాలి. పైకి పెడితే కాయలు కోసుకుపోతాయి, మరీ లోతుకు పెడితే పెళ్లలు లేచి వెనక మట్టి దులిపే గొలుసు మీద పగలక కాయతో సహా వెనక పడతాయి. లోతు మార్చేది టాప్ లింకుతో (ట్రాక్టరుకు మిషన్‌ను కలిపే పై కడ్డీ). బ్లేడు మూతి కిందికి కాస్త వాలి ఉండాలి, మనిషి మెల్లగా నడిచేంతకు మించి వేగం వద్దు. గంటకు 3 కిలోమీటర్లు చాలు. డ్రైవరుకు ఎకరా లెక్కన డబ్బిస్తే పరుగెత్తిస్తాడు. గంట లెక్కన ఇవ్వండి.

తొలి పది మీటర్లు తోలగానే ఆపించండి. మిషన్ వెనక చదరపు మీటరు నేల వేళ్లతో తవ్వి మిగిలిన కాయలు ఏరి లెక్కపెట్టండి. ఎండిన కాయ ఒక్కటి సుమారు గ్రాము. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. మీటరుకు పది కాయలు మిగిలితే ఎకరాకు 40 కిలోలు, ఒక బస్తా మట్టిలో కలిసినట్టు. 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 7,263. ఆ లెక్కన బస్తా 2,900 చిల్లర, అంటే ఏడుగురి కూలి. మీరు భయపడుతున్న గుత్తకైనా, చేతి పనికైనా ఇదే కొలత వాడండి.


పరిగె

ఉపాధి హామీ మాట ఒక్కటి చెప్పి ఆగుతాను. ఆ పథకం మొదలైందే మన జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. దాని పనులు మన వైపు ఎక్కువగా జరిగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, చేన్లు ఖాళీగా ఉన్న ఎండల్లో. శనక్కాయ పెరికేది అక్టోబరు, నవంబరు. ఆ రెండు నెలల్లో మీ ఊరి మస్టరు (హాజరు పట్టీ) చూడండి, ఎంతమంది పేర్లున్నాయో పంచాయతీలో అడిగితే చెబుతారు. 2025–26 రేటు రోజుకు 307 రూపాయలు, అదీ పని కొలత పూర్తయితేనే. మీరిచ్చేది 400. 307 కోసం 400 వదులుకుని పోయేవాళ్లు లేరు. జనం తగ్గింది వేరే కారణాలకు, మీరే రాశారు: గార్మెంట్లు, కట్టడం, చీనీ తోటలు. చీనీ తోట యజమాని నెలకు ఇరవై రోజులు పని చూపిస్తాడు. మనం ఏడాదికి కలుపుకు నాలుగు రోజులు, పెరకడానికి నాలుగు రోజులు పిలిచి, అవి కూడా ఊరంతా ఒకే వారంలో పిలుస్తాం. మనుషులు ఎక్కడికి పోయారని అడగడం కంటే మిగతా 357 రోజులు వాళ్లకు ఏం చూపించామని అడగడం న్యాయం.

ఇంకో మాట. మగవాళ్లు కట్టె పెరికితే 600, ఆడవాళ్లు పెరికితే 400 ఇస్తున్న ఊర్లు ఉన్నాయి. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1976 నుంచి చట్టం ఉంది. పెరకడంలో ఆడవాళ్లు వెనకబడేదేమీ లేదు. 50 ఎక్కువ ఇచ్చి, జట్టును తొమ్మిది రోజుల పనికి ముందే మాట్లాడుకోండి, ఖర్చు దాదాపు మేస్త్రీ గుత్తంతే పడుతుంది.


సుగ్గిబాట

ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు జట్లు ఎలా కదులుతాయో తెలిస్తే మీ మేస్త్రీ మాటను తూచగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. అక్టోబరు, నవంబరులో తెలంగాణ పత్తికి, సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకాయలకు. మొగుడూ పెళ్లాం జంటగా పోతారు, పత్తి కిలో లెక్కన, మిరప బస్తా లెక్కన. రేటు మన దగ్గర కంటే చాలా ఎక్కువని కాదు. అక్కడ రెండు మూడు నెలలు ఒక్క రోజు ఖాళీ లేకుండా పని ఉంటుంది. ఇక్కడ రెండు రోజులు పని, మూడు రోజులు అరుగు. పైగా పోయే ముందే చేతికి అడ్వాన్సు వస్తుంది, దాంతో అప్పు తీరుతుంది. కాబట్టి మీ మేస్త్రీ అక్టోబరు చివర 20 మందిని తెస్తానంటే మొదటి ప్రశ్న ఇది: ఆ జట్టు పత్తి సుగ్గికి ఎప్పుడు బయల్దేరాలి? తేదీ చెప్పించుకోండి. మీ కాయ 28 తేదీకి పక్వానికి వస్తే, వాళ్లు నవంబరు 1న బండెక్కాల్సి ఉంటే, మీ చేను సగంలో ఆగుతుంది. జట్టు మాట తప్పిందని అప్పుడు అనడం సరికాదు, వాళ్ల క్యాలెండరు మనం అడగలేదు.

20 మంది రోజుకు రెండెకరాలు పైచిలుకు పెరుకుతారు. మీ 9 ఎకరాలు నాలుగు రోజుల పని. నాలుగు రోజుల కోసం నూరు కిలోమీటర్ల నుంచి జట్టు రావడం వాళ్లకూ గిట్టదు, అందుకే అడ్వాన్సు అంత అడుగుతున్నాడు. మీ పక్క చేన్ల వాళ్లు ఏడెనిమిది మంది కలిసి 50, 60 ఎకరాలు చూపించండి. పాతిక రోజుల పని అవుతుంది, మీ ఊరి జట్లు కూడా దాంట్లో కలిస్తే పదిహేను రోజుల్లో తెగుతుంది. అప్పుడు ఎకరాకు 4,000 కాకుండా 3,500కు దిగుతాడు, అడ్వాన్సూ తగ్గుతుంది. ఎవరి చేను ముందు అనేది చీటీ వేసి కాదు, కాయ చూసి పెట్టుకోవాలి. చేనుకు అయిదు చోట్ల ఒక్కో చెట్టు పెరికి కాయ ఒలిచి చూడండి. డొల్ల లోపల నల్లబడిన కాయలు నూటికి 75 దాటిన చేను ముందు. గరప నేలలో ముందు ముదురుతుంది, పల్లపు చేను వారం ఆగుతుంది. ఒకే వానకు విత్తినా ఊరి చేన్లన్నీ ఒకే రోజు పక్వానికి రావు, ఈ తేడానే వాడుకోవాలి.

అడ్వాన్సు గురించి గట్టిగా చెబుతాను. 30,000 మొత్తం ఒకేసారి మేస్త్రీ చేతికి ఇవ్వవద్దు. రావడానికి బండి బాడుగ, మొదటి వారం తిండి గింజలకు సరిపోయేంత ఇవ్వండి, మిగతాది ప్రతి రెండెకరాలకు ఒకసారి. ఇచ్చేది జట్టు ఎదురుగా ఇవ్వండి. మేస్త్రీ తలకు ఇంత అని కమీషన్ పట్టుకుంటాడు, అది ఎంతో జట్టుకు తెలిసి ఉండాలి. లేకపోతే మూడో రోజు గొడవ మీ చేన్లోనే జరుగుతుంది. అడ్వాన్సు తీరలేదని మనిషిని పోకుండా ఆపడం, పిల్లలను పనిలో పెట్టించుకోవడం వెట్టి కిందికి వస్తుంది. 1976 వెట్టిచాకిరి చట్టం ప్రకారం ఆ బాకీకి చెల్లుబాటే లేదు. జట్టుతో 14 ఏళ్ల లోపు పిల్లలు వస్తే పనిలోకి దించవద్దు, మేస్త్రీతో ఈ మాట ముందే అనుకోండి.

గుత్తలో కాయ వదిలేస్తారన్న భయం నిజమే. ఎకరా లెక్కన డబ్బు ఉంటే చెయ్యి పరుగు పెడుతుంది, చెట్టును వేరు దగ్గర కాకుండా పై నుంచి పట్టి లాగుతారు, ఊడలు తెగుతాయి. పైన ఎర్రనేల చెప్పిన చదరపు మీటరు లెక్కను గుత్త మాటలోనే పెట్టండి: మీటరుకు ఐదు కాయల దాకా సరే, పది దాటితే ఆ పట్టీలో మళ్లీ పరిగె ఏరి ఇవ్వాలి. కొలత మేస్త్రీ ఎంచిన చోట ఒకటి, మీరు ఎంచిన చోట ఒకటి. గుత్తలో ఏమేం ఉందో కూడా చెప్పుకోండి. పెరకడం ఒక్కటేనా, మట్టి దులపడం, కాయ పైకి వచ్చేట్టు తిరగేయడం, కుప్ప వేయడం కూడానా? ఈ నాలుగూ వేరు వేరు పనులు. సగం తగాదాలు ఇక్కడే పుడతాయి.

పరిగె గారి మాటతో ఒక్కచోట విభేదం. రోజు కూలికి 50 పెంచితే చాలదు. మూడు రోజుల జట్టు తొమ్మిది రోజులు ఉండాలంటే ఆ తొమ్మిది రోజులకు మిగతా రైతులు కూడా ఒప్పుకోవాలి. ఒక్కరే 450 ఇస్తే పక్కాయన 500 అంటాడు, జట్టు అటూ ఇటూ తిరుగుతుంది తప్ప మనుషులు పెరగరు.


వానచేను

చాలా థ్యాంక్స్. మిషన్ బ్లేడు కొలిచాను, మీటరున్నర, వెనక గొలుసు ఉంది. పక్క చేన్ల వాళ్లు నలుగురు కలుస్తామన్నారు, నాతో కలిపి ఐదుగురం, మొత్తం 41 ఎకరాలు. మేస్త్రీ జట్టు నవంబరు 10 దాకా ఉంటుందట.

ఇంకా మూడు సందేహాలు. నేల గట్టిపడితే మిషన్ ఏం చేస్తుంది? బోరు ఒకటి ఉంది, గంటకు 10,000 లీటర్లు పోస్తుంది, రెయిన్‌గన్ (నీళ్లు వానలా చిమ్మే పెద్ద స్ప్రింక్లరు) అద్దెకు దొరుకుతుంది. రెండోది, కాయ విడిపించడానికి కూడా మనుషులు లేరు, ట్రాక్టరు మిషన్లో వేస్తే విత్తనానికి పనికొస్తుందా? మూడోది, వచ్చే ఏడు ఈ బాధ తగ్గాలంటే విత్తేటప్పుడే ఏం మార్చాలి? కలుపుకు కూడా ఈ ఏడు రెండుసార్లకు ఎకరాకు 17 మంది పడ్డారు.


ఎర్రనేల

గట్టి నేలలో బ్లేడు లోతు పట్టదు, పైకి తేలి కాయను కోస్తుంది. గులకరాళ్ల నేలైతే షియర్ బోల్టు (బరువు ఎక్కువైతే మిషన్ విరగకుండా ముందు తెగే బోల్టు) తెగుతూ ఉంటుంది, డ్రైవరును అరడజను బోల్టులు, రెండు స్పానర్లు పెట్టుకుని రమ్మనండి. ఒక బోల్టు కోసం పూట పోగొట్టుకోవద్దు. పదును చూసే పద్ధతి మామూలే: నాలుగంగుళాల లోతు మట్టి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ఉండ జిగటగా ఉంటే రెండు రోజులు ఆగండి, గొలుసు నిండా బురద పట్టి కాయ దులపదు. ఉండే కట్టకపోతే తడి ఇవ్వాలి.

15 మిల్లీమీటర్ల తడి అంటే ఎకరాకు 60,000 లీటర్లు. మీ బోరుకు ఆరు గంటలు. 9 ఎకరాలకు 54 గంటలు, కరెంటు వేళలతో వారం పడుతుంది. అంత తడపలేరు. గరప చేను, ముందుగా పక్వానికి వచ్చే రెండు మూడెకరాలే ఎంచుకుని, పెరికే రెండు మూడు రోజుల ముందు తడపండి. మిగతాది వాన మీద వదలండి. కాయ ముదిరాక తడి ఇచ్చి వారం ఆలస్యం చేస్తే మొలక వస్తుంది, కాబట్టి ట్రాక్టరు తేదీ ఖాయం అయ్యాకే రెయిన్‌గన్ ఆన్ చేయండి.

గొలుసుకు ఎక్కువగా చుట్టుకునేది గడ్డి, తీగ కలుపు. పెరికే వారం ముందు పెద్ద కలుపు మాత్రం కోయించండి, పెరికించవద్దు, ఊడలు కదులుతాయి.

విడిపించే మిషన్ గురించి. కట్టె రెండు మూడు రోజులు చేన్లో కాయ పైకి ఉండేట్టు ఎండి, కాయ చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. పచ్చిగా వేస్తే డ్రమ్ములో కట్టె చుట్టుకుంటుంది, కాయ తొడిమతో వస్తుంది. మరీ ఎండితే డొల్ల పగులుతుంది, పగిలిన కాయకు బూజు త్వరగా పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం వచ్చేది అక్కడే. నిల్వకు తేమ 8, 9 శాతం దాటకూడదు. అమ్మే కాయ మిషన్లో వేయండి. విత్తనం కాయ వద్దు. మిషన్ దెబ్బకు పైకి కనబడని చీలిక గింజ మొలక దగ్గర పడుతుంది, జూలైలో మొలక సగమే వచ్చినప్పుడు తెలుస్తుంది. ఎకరాకు విత్తనానికి 60 నుంచి 70 కిలోల గింజ, అంటే 90, 100 కిలోల కాయ. మీ 9 ఎకరాలకు 20 బస్తాల కాయ చేత్తో విడిపించాలి. దానికి పెద్ద మనుషులు చాలు. కూర్చుని చేసే పని, ఒక వారం తొందర లేకుండా నీడలో చేయించవచ్చు. పెరకడానికి రాలేనివాళ్లు దీనికి వస్తారు. విత్తనం గోనె సంచుల్లోనే పెట్టండి, చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా. యూరియా ప్లాస్టిక్ సంచులు వద్దు.

వచ్చే ఏడు సాళ్ల మాట. కంది పక్క రెండు సాళ్లు ఎప్పుడూ చేతి పనికే. ఏడు సాళ్ల పద్ధతిలో ఏడుకు రెండు పోతున్నాయి. పదకొండు సాళ్లకు ఒక కంది పెడితే పదకొండుకు రెండు, పదిహేనుకు ఒకటి పెడితే పదిహేనుకు రెండు. పదకొండు దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం. శనక్కాయ దెబ్బతిన్న ఏడాది ఇంటిని నిలబెట్టేది కందే, దాన్ని మరీ తగ్గించకూడదు. పదకొండులో పట్టీ 3.6 మీటర్లు, ట్రాక్టరు రెండు పోతలు పోవాలి. మొదటి పోత కట్టెను కంది వైపు జరిపించాకే రెండో పోత తోలాలి. లేకుంటే చక్రం లేపిన కట్టె మీదే ఎక్కుతుంది. ఆ ఇద్దరు మనుషులు ట్రాక్టరు వెంటే ఉండాలి.

రకం కూడా మార్చవచ్చు. సగం కదిరి-6, సగం కదిరి లేపాక్షి వేస్తే రెండోది వారం పది రోజులు వెనక పడుతుంది. ఒకే పదునులో విత్తినా పెరికే పని రెండు ముక్కలవుతుంది. ఐదుగురు రైతులూ మాట్లాడుకుని వేస్తే ఇంకా మేలు.


దంతె

కలుపుకు 17 మంది అంటే పెరకడం కంటే ఎక్కువ ఖర్చు. ఇక్కడ మనుషులను నిజంగా తగ్గించవచ్చు.

విత్తిన రోజో మరునాడో, 48 గంటలు దాటకుండా, పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు లీటరు నుంచి లీటరుంబావు, 200 లీటర్ల నీళ్లలో, నేల అంతటా పడేట్టు కొట్టాలి. తేలిక ఎర్రనేలకు లీటరు చాలు. నేల తడిగా ఉండాలి, పొడి నేల మీద కొడితే ఎండకు పోతుంది. కొట్టేవాళ్లు వెనక్కి నడుస్తూ కొట్టాలి, మందు పొర మీద అడుగు పడితే అక్కడ కలుపు లేస్తుంది. వెడల్పుగా విసనకర్రలా పడే నాజిల్ వాడండి, గుండ్రంగా పడేది కాదు.

మొదటి మందు తప్పితే, విత్తిన 20 రోజుల లోపు, కలుపు రెండు మూడు ఆకులప్పుడు ఇమాజితాపిర్ 10 శాతం ఎకరాకు 300 మిల్లీలీటర్లు. శనక్కాయకు, కందికి ఫర్వాలేదు. కానీ నడుమ జొన్న, ఆముదం, అనపసాళ్లు కలిపి ఉన్న చేనుకు వద్దు, జొన్న, ఆముదం మాడతాయి. ఈ మందు నేలలో నిలుస్తుంది, వెనకాలే జొన్న, కొర్ర వేయాలనుకునే చేన్లో కూడా వాడకండి. గడ్డి ఒక్కటే ఉంటే క్విజలోఫాప్ 5 శాతం 400 మిల్లీలీటర్లు సరిపోతుంది.

దీని తర్వాత 25, 30 రోజులకు ఒక్కసారి దంతె (సాళ్ల నడుమ కలుపు తీయడానికి ఎద్దులతో లాగేది). కాడెద్దులు ఉన్నవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురే మిగిలారు, వాళ్ల తేదీలు విత్తిన రోజే రాయించుకోండి. పవర్ వీడర్లు చాలా వాటి వెడల్పు అడుగు సాళ్లలో పట్టదు, కొనే ముందు కొలవండి. సైకిల్ గుంటకైతే ఒక మనిషి రోజుకు అరెకరా పైన చేయగలడు. సాలు లోపల మిగిలిన కలుపుకు ఎకరాకు నలుగురు చాలు. 45 రోజుల తర్వాత ఏ పరికరమూ పెట్టవద్దు, ఊడలు దిగే సమయం.


సుగ్గిబాట

నవంబరు 10 అంటే మీకు సరిపోతుంది. దీపావళి అక్టోబరు 20న, కాబట్టి 22 నుంచి జట్టు వచ్చేట్టు చూసుకోండి, పండక్కి ముందు పిలిస్తే మధ్యలో వెళ్లిపోతారు. 41 ఎకరాలకు 20 మంది, మీ ఊరి 22 మంది, మిషన్ కలిస్తే పది పన్నెండు రోజుల పని.

బయటి జట్టు వస్తే పడుకోను చోటు, వంట చెరకు, మనిషికి రోజుకు ఐదు లీటర్లు తాగే నీళ్లు చూడాల్సింది మీరే. ఆ ఖర్చు ఐదుగురు రైతులు ఎకరాల లెక్కన పంచుకోండి. మనుషులను ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించవద్దు. బోల్తా పడితే ట్రాలీలో ఉన్నవాళ్లకు బీమా వర్తించదు, భారమంతా బండి యజమాని మీద పడుతుంది. ఆటో అయితే ఎంతమందికి పర్మిట్ ఉందో అంతే, రెండుసార్లు తిరిగినా సరే.

రాత్రి చేన్లో వరుసలుగా ఉన్న కట్టె కింద పాములు చేరతాయి, కట్లపాము, రక్తపింజరి రెండూ మన నేలల్లో ఉన్నాయి. పొద్దున కట్టెను చేత్తో ఎత్తకుండా ముందు పంగలకర్రతో కదిలించమనండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, ఆకు మందు ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. విరుగుడు ఇంజెక్షన్ ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో పని మొదలయ్యే ముందు రోజే కనుక్కుని పెట్టుకోండి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఆసుపత్రి కాగితం ఉంటే పాముకాటుకూ వస్తుంది. 42 మందికి 840 రూపాయలు. ఖాతా ఎవరికి ఉందో, ఎవరికి బీమా ఇప్పటికే కట్ అవుతోందో జట్టు నాయకురాలిని అడిగి, లేనివాళ్లది రైతులే కట్టండి. వచ్చే ఏడు ఆ జట్టు ముందు మీ ఊరికి ఫోన్ చేస్తుంది.


వానచేను

మా ఐదుగురిలో ఇద్దరివి గరప చేన్లు, వాటిని 22, 23 తేదీలకు పెట్టుకున్నాం. మేస్త్రీకి బండి బాడుగ, గింజలకు కలిపి 8,000 ఇస్తామన్నాం, మిగతాది రెండెకరాలకోసారి అని ఒప్పుకున్నాడు. మీటరుకు ఐదు కాయల మాట మాత్రం ఒప్పుకోలేదు, ఎనిమిది అంటున్నాడు.


ఎర్రనేల

ఎనిమిది అంటే ఎకరాకు 32 కిలోలు, ఎక్కువే. నేల పదునుగా ఉంటే ఐదు, గట్టిగా ఉంటే ఎనిమిది అని రెండు రేట్లు పెట్టండి. పదును ఏదో పెరికే రోజు పొద్దున పిడికిలి మట్టి చూసి ఇద్దరూ ఒప్పుకోండి. గట్టి నేలలో ఐదే కావాలంటే వాళ్ల చెయ్యి కూడా అంతే నెమ్మది అవుతుంది, అప్పుడు ఎకరాకు 300 కలిపి ఇవ్వడం ధర్మం.